12 గేజ్ అంటే ఏంటి? పిట్టల వేట తుపాకీకి ఆ నంబర్ ఎలా వచ్చింది?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక నంబర్ కథ చెప్పుకుందాం. ఆ నంబర్ 12.

మీలో చాలామంది బీజీఎంఐ ఆడే ఉంటారు. గేమ్‌లో షాట్‌గన్ దొరికితే దానికి ఏ ఆమో వెతుకుతారు? 12 గేజ్. ఎస్686 అయినా అదే, ఎస్1897 అయినా అదే, ఎస్12కె అయినా అదే. మిగతా ఆమో పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. 5.56 ఎం.ఎం., 7.62 ఎం.ఎం., 9 ఎం.ఎం. ఇవి మిల్లీమీటర్లు. షాట్‌గన్ దగ్గరకి వచ్చేసరికి మిల్లీమీటర్లు మాయమై, సడన్‌గా "12 గేజ్" వస్తుంది. ఏంటీ 12? మిల్లీమీటర్లా? కాదు. అంగుళాలా? అసలే కాదు. 12 అంగుళాల గొట్టం అంటే అది యుద్ధనౌక మీద పెట్టే ఫిరంగి.

అసలు విషయం ఏంటంటే, ఈ 12 యుద్ధం కోసం స్థిరపడిన నంబర్ కాదు. పిట్టల వేట కోసం స్థిరపడిన నంబర్. "మామూలు పిట్టల వేటకి ఏ గేజ్ తుపాకి తీసుకోవాలి?" అని ఇంగ్లండ్‌లో, అమెరికాలో దాదాపు 200 ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన మధ్యలో ఒక దశలో ప్రశ్నే మారిపోయింది. మొదట్లో "ఎంత పెద్ద తుపాకి పట్టుకెళ్లగలం?" అని అడిగేవాళ్లు. తర్వాత "ఎక్కడ ఆగాలి?" అని అడగాల్సి వచ్చింది. ఎందుకు అడగాల్సి వచ్చిందో అదే ఈరోజు మన కథ.

ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పక్షుల్ని వేటాడటం నేరం. కాబట్టి ఇది తుపాకి కొనుక్కోమని చెప్పే వీడియో కాదు. ఇది చరిత్ర. ఓకే, మొదలుపెడదాం.

ఒక పౌను సీసం, 12 గుండ్లు

ఒక పౌను సీసం తీసుకోండి. మన లెక్కలో దాదాపు 453 గ్రాములు. దాన్ని కరిగించి సమానంగా 12 గుండ్లు చేయండి. ఒక్కో గుండు 37.8 గ్రాములు వస్తుంది. ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం ఉన్న తుపాకీయే 12 గేజ్. అంతే. గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు.

ఇప్పుడు అదే పౌను సీసాన్ని 20 గుండ్లు చేస్తే? ఒక్కో గుండు చిన్నదవుతుంది కదా. గొట్టం కూడా సన్నబడుతుంది, సుమారు 15.6 మిల్లీమీటర్లు. అది 20 గేజ్. 28 చేస్తే ఇంకా సన్నం, 14 మిల్లీమీటర్లు. అదే 10 గుండ్లే చేస్తే 19.7 మిల్లీమీటర్లు, 8 చేస్తే 21 మిల్లీమీటర్ల పైన.

అందుకే ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. నంబర్ పెరిగితే గొట్టం సన్నబడుతుంది, నంబర్ తగ్గితే లావవుతుంది. కొత్తగా వినేవాళ్లు 20 గేజ్ అంటే 12 కన్నా పెద్దది అనుకుంటారు. కాదు, చిన్నది.

ఇంత వంకర లెక్క ఎందుకు పెట్టారు? గొట్టం లోపల వెడల్పుని అంగుళంలో వెయ్యో వంతు వరకు కొలిచే పరికరాలు పాతకాలం కమ్మరి దగ్గర లేవు. కానీ త్రాసు ఉంది, సీసం ఉంది. బరువు తూచడం సులువు. ఫిరంగులకీ ఇదే పద్ధతి. "ఆరు పౌన్ల ఫిరంగి" అంటే ఆరు పౌన్ల గుండు పేల్చేది అని. తుపాకి గుండు పౌను కన్నా చాలా చిన్నది కాబట్టి, పౌనుకి ఎన్ని వస్తాయి అని లెక్కపెట్టారు. ఇంగ్లండ్‌లోనూ మన దేశంలోనూ దీన్నే "బోర్" అంటారు. మన ఊళ్లలో పాత కుటుంబాల దగ్గర లైసెన్స్ మీద ఉండే డబుల్ బ్యారెల్ తుపాకీని "ట్వెల్వ్ బోర్" అంటారు చూడండి, అది ఇదే.

ఒక్కటి మాత్రం ఈ లెక్కలోకి రాదు. 410 బోర్. అది పౌనుకి 410 గుండ్లు కాదు! అది అంగుళాల లెక్క, 0.410 అంగుళం. అంటే 10.4 మిల్లీమీటర్లు. గేజ్ లెక్కలో చెప్పాలంటే సుమారు 67 అవుతుంది.

ఎగిరే పిట్టని కొట్టడం ఎప్పుడు కుదిరింది?

రైఫిల్‌లో ఒకే బుల్లెట్ ఉంటుంది. గాల్లో ఎగిరే పిట్టకి ఒక్క బుల్లెట్ తగలాలంటే అదృష్టం ఉండాలి. అందుకే షాట్‌గన్‌లో వందల కొద్దీ చిన్న చిన్న సీసపు పెల్లెట్లు వేస్తారు. అవి వల విసిరినట్టు విచ్చుకుంటూ వెళ్తాయి.

ఈ పెల్లెట్లు గుండ్రంగా లేకపోతే వంకరగా పోతాయి. 1782లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఊళ్లో విలియం వాట్స్ అనే ఆయన ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. కరిగిన సీసాన్ని జల్లెడలోంచి చాలా ఎత్తు నుంచి కిందకి వదలడం. పడుతూ పడుతూ గాల్లోనే చుక్కలు గుండ్రంగా మారతాయి. కింద నీళ్ల తొట్టిలో పడి గట్టిపడతాయి. అందుకోసం ఆయన తన ఇంటినే పైకి పెంచి టవర్‌లా కట్టుకున్నాడు! తర్వాత యూరప్, అమెరికాల్లో ఇలాంటి షాట్ టవర్లు చాలా లేచాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1828లో కట్టినది ఇప్పటికీ నిలబడే ఉంది. సీసపు గుండ్లు చవగ్గా, టన్నుల కొద్దీ దొరకడం అలా మొదలైంది.

ఇంకో ఇబ్బంది ఉండేది. చెకుముకి రాయి తుపాకి. ట్రిగ్గర్ లాగగానే రాయి రాసుకుని నిప్పు రవ్వ వస్తుంది, బయట ఉన్న మందు భగ్గుమంటుంది, ఆ తర్వాత లోపలి మందు అంటుకుంటుంది. ఈలోపు ఆ వెలుగు చూసిన బాతు తప్పించుకుంటుంది. స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే చర్చి పాస్టర్ ఉండేవాడు. ఆయనకి బాతుల వేట పిచ్చి. ఈ ఆలస్యం భరించలేక, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో పనిచేసే కొత్త పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాతి తుపాకులన్నీ, సైన్యం తుపాకులతో సహా, ఆ దారిలోనే వచ్చాయి. అంటే బాతులు తప్పించుకుంటున్నాయన్న చిరాకు ప్రపంచ యుద్ధాల తీరునే మార్చేసింది.

ఇక్కడిదాకా తుపాకికి స్టాండర్డ్ సైజు అవసరమే లేదు. ముందు నుంచి మందు పోస్తారు, గుండ్లు పోస్తారు, గుడ్డ కుక్కుతారు. గొట్టం 13 గేజ్ ఉన్నా, 15 ఉన్నా, 17 ఉన్నా పోసేవాడికి తేడా లేదు.

1830ల్లో ఫ్రాన్స్‌లో కాజిమిర్ లెఫోషో అనే తుపాకుల తయారీదారు వెనక నుంచి తెరిచి రెడీమేడ్ తూటా పెట్టే తుపాకీని తెచ్చాడు. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో దాన్ని చూసి ఇంగ్లిష్ తయారీదారులు కూడా మొదలుపెట్టారు. ఇప్పుడు ఆలోచించండి. తూటా రెడీమేడ్ అయితే ఏమవుతుంది? మీ ఫోన్‌కి చార్జర్ పిన్ లాంటి సమస్య వస్తుంది. ఊరికో సైజు ఉంటే తూటాలు అమ్మేవాడు ఎలా అమ్ముతాడు? కొన్ని సైజులే మిగలాలి. 10, 12, 16, 20, 28. మిగతావన్నీ మెల్లగా మూలపడ్డాయి. మిగిలినవాటిలో కూడా రాజు 12 అయ్యింది.

12 ఎందుకు గెలిచింది?

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. చాలామంది పెద్ద గేజ్ అంటే గట్టిగా కొడుతుంది అనుకుంటారు. అది సగమే నిజం. 12 గేజ్‌లోంచి వచ్చే ఒక పెల్లెట్, 28 గేజ్‌లోంచి వచ్చే అదే సైజు పెల్లెట్, రెండూ దాదాపు ఒకే వేగంతో వెళ్తాయి. సెకనుకి సుమారు 365 మీటర్లు. పిట్టకి తగిలే ఒక్కో దెబ్బలో పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడుందంటే, ఎన్ని పెల్లెట్లు ఉన్నాయి అన్న దాంట్లో.

గువ్వలకి, కౌజు పిట్టలకి అమెరికాలో వాడే ఏడున్నర నంబర్ పెల్లెట్ తీసుకుందాం. 2.4 మిల్లీమీటర్ల చిన్న గుండు. 12 గేజ్ మామూలు తూటాలో 32 గ్రాములు వేస్తే సుమారు 390 పెల్లెట్లు. 20 గేజ్‌లో 25 గ్రాములు, అంటే 300 పైచిలుకు. 28 గేజ్‌లో 21 గ్రాములు, 260 వరకు. 410లో 14 గ్రాములు, 175 మాత్రమే.

ఇవి వెళ్తూ వెళ్తూ విచ్చుకుంటాయి. దగ్గర్లో అయితే 175 ఉన్నా చాలు. దూరం పెరిగేకొద్దీ మధ్యలో ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీలోంచి పిట్ట తప్పించుకుంటే పర్లేదు. కానీ ఒకటో రెండో తగిలి, పడకుండా ఎగిరిపోయి, ఎక్కడో పొదలో రెండు రోజులు కొట్టుకుని చచ్చిపోతే? వేటగాళ్లలో పద్ధతి ఉన్నవాళ్లు అన్నిటికన్నా సిగ్గుపడే విషయం అదే. అందుకే తుపాకీని పరీక్షించడానికి 40 గజాల దూరంలో కాగితం పెట్టి, దాని మీద 30 అంగుళాల వృత్తం గీసి, అందులో ఎన్ని పెల్లెట్లు పడ్డాయో లెక్కపెడతారు. గొట్టం మూతిని కొంచెం బిగించి పెల్లెట్లు త్వరగా విడిపోకుండా చేసే పద్ధతి ఒకటుంది, దాన్ని చోక్ అంటారు. న్యూకాజిల్‌కి చెందిన పేప్ అనే తయారీదారు 1866లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. 1870ల్లో బర్మింగ్‌హామ్‌లో డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ దాన్ని ఊరూరా పాపులర్ చేశాడు.

మరి పెల్లెట్లు ఎక్కువ కావాలంటే ఇంకా పెద్ద గేజ్ తీసుకోవచ్చు కదా? 10, 8, 4? ఇక్కడ మనిషి భుజం అడ్డం వస్తుంది. గ్రీనర్ పేరు మీద ఒక పాత సూత్రం ఉంది: తుపాకి బరువు, అందులో వేసే పెల్లెట్ల బరువుకి 96 రెట్లు ఉండాలి. అంతకన్నా తేలికైతే వెనక్కి కొట్టే దెబ్బకి భుజం పోతుంది. 32 గ్రాములకి 96 రెట్లు అంటే సుమారు 3 కిలోలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొలాల గట్ల మీద మోసుకుని నడవగలిగే బరువు అది. 8 గేజ్‌లో 57 గ్రాములు వేస్తే ఐదున్నర కిలోల తుపాకి కావాలి. దాన్ని ఎత్తి, ఎగిరే పిట్ట వెంట తిప్పడం మాటలు కాదు.

సో, మనిషి మొయ్యగలిగే బరువుకీ, పిట్ట తప్పించుకోలేని దట్టానికీ మధ్య రాజీ కుదిరిన చోటు 12. ఎవరో చట్టం చేసి పెట్టింది కాదు. భుజాలు, కాళ్లు, పిట్టలు కలిసి తేల్చిన నంబర్.

పడవ మీద ఫిరంగి

కానీ అందరూ రాజీపడలేదు. సరదాకి వేటాడేవాడికి భుజం అడ్డం. వ్యాపారానికి వేటాడేవాడికి భుజంతో పనేంటి? పడవకి బిగిస్తాడు.

వీటిని పంట్ గన్లు అనేవాళ్లు. పంట్ అంటే అడుగు చదునుగా ఉండే చిన్న పడవ. గొట్టం వెడల్పు రెండు అంగుళాల దాకా, ఒక్కసారి పేలిస్తే అర కిలో సీసం, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ. వేటగాడు పడవలో పడుకుని, చీకట్లో మెల్లగా తెడ్డేసుకుంటూ, నీళ్ల మీద నిద్రపోతున్న బాతుల గుంపు దగ్గరికి వెళ్లి పేల్చేవాడు. ఒక్క దెబ్బకి పదుల కొద్దీ బాతులు. ఇంగ్లండ్‌లో ఇలాంటి తుపాకులు ఉండేవి. అమెరికా తూర్పు తీరంలో చెసపీక్ బే దగ్గర ఇదే పెద్ద వ్యాపారం అయిపోయింది. కాన్వాస్‌బ్యాక్ అనే బాతు పెద్ద హోటళ్లలో ఖరీదైన వంటకం. పీపాలకి ఎత్తి రైళ్లలో నగరాలకి పంపేవాళ్లు.

ఇంతకన్నా పెద్ద కథ ప్యాసింజర్ పావురానిది. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో వీటి సంఖ్య 300 నుంచి 500 కోట్లు ఉండేదని అంచనా. గుంపు ఎగిరితే గంటల తరబడి ఆకాశం కనబడేది కాదని అప్పటివాళ్లు రాశారు. అలాంటి పక్షి అంతరించిపోతుందని ఎవరూ కలలో కూడా అనుకోలేదు. రైలు వచ్చింది, టెలిగ్రాఫ్ వచ్చింది. "పావురాలు ఫలానా అడవిలో గూళ్లు పెట్టాయి" అని వార్త అందగానే వేటగాళ్లు రైలెక్కి దిగేవాళ్లు. తుపాకులొక్కటే కాదు, వలలతో, కర్రలతో, గూళ్లలోని పిల్లల్ని కూడా పట్టుకుని అమ్మారు. పైగా అడవులు కూడా నరికేశారు.

1900 మార్చి 24. ఒహాయో రాష్ట్రం, పైక్ కౌంటీ. 14 ఏళ్ల కుర్రాడికి పెరట్లో ఒక వింత పక్షి కనిపించింది. వాళ్లమ్మని బతిమాలి ఇంట్లోని తుపాకి తీసుకుని కొట్టాడు. అడవిలో స్వేచ్ఛగా బతికిన చివరి ప్యాసింజర్ పావురాల్లో అదొకటి. దాన్ని స్టఫ్ చేసినప్పుడు గాజు కళ్లు దొరక్క, కళ్ల దగ్గర బూట్ల గుండీలు పెట్టారు. అందుకే దాని పేరు "బటన్స్". ఆ కుర్రాడు వాడిన తుపాకి 12 గేజ్.

ఆ కుర్రాడిని తిట్టడంలో అర్థం లేదు. అతని చేతిలో పంట్ గన్ లేదు. మామూలు ఇంటి తుపాకి, ఒకే ఒక్క దెబ్బ. కానీ అప్పటికి లెక్క దాదాపు అయిపోయింది. 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో మార్తా అనే ఆఖరి పావురం చనిపోయింది. జాతి ముగిసిపోయింది.

చట్టం గేజ్ దగ్గర గీత గీసింది

ఈ దెబ్బ అమెరికాని కదిలించింది. 1916లో బ్రిటన్‌తో, కెనడా తరఫున, వలస పక్షుల ఒప్పందం. 1918లో దాన్ని అమలు చేసే చట్టం. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో మన కథకి సంబంధించిన ముక్క ఇది: వలస పక్షుల్ని వేటాడే తుపాకి భుజానికి ఆనించి పేల్చేది కావాలి, 10 గేజ్ కన్నా పెద్దది కాకూడదు. ఒక్క వాక్యంతో పంట్ గన్లు, 4 గేజ్, 8 గేజ్ అన్నీ మూలకి వెళ్లిపోయాయి.

రాష్ట్రాలు ఊరుకోలేదు. "పక్షులు మా రాష్ట్రంలో ఉన్నాయి, మీకేం పని?" అని మిస్సోరీ రాష్ట్రం కోర్టుకెళ్లింది. 1920లో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. పక్షికి సరిహద్దు తెలియదు, ఇవాళ ఇక్కడ ఉంటుంది, రేపు ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. ఏ ఒక్క రాష్ట్రానికీ అది సొంతం కాదు.

ఈలోగా తుపాకి ఇంకో వైపు పెరిగింది. వెడల్పులో కాదు, వేగంలో. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ డిజైనర్ వించెస్టర్ కంపెనీకి ఒక పంప్ తుపాకి గీసిచ్చాడు, మోడల్ 1897. అదే మీ గేమ్‌లోని ఎస్1897. ఆ తర్వాత ట్రిగ్గర్ లాగితే చాలు, తనే తర్వాతి తూటా ఎక్కించుకునే ఆటోమేటిక్ షాట్‌గన్ కూడా ఆయనే తెచ్చాడు. గేజ్ 12యే, కానీ వరసగా ఐదు దెబ్బలు. మరి గేజ్ మీద గీత గీసి ఏం లాభం? అందుకే 1935లో ఇంకో నిబంధన వచ్చింది. వలస పక్షుల వేటలో తుపాకిలో మూడు తూటాలకి మించి పట్టకూడదు. మిగతా చోటు ఖాళీగా ఉండకుండా లోపల ఒక చెక్క ముక్క పెట్టాలి. ఇప్పటికీ ఈ రూల్ ఉంది.

తర్వాత సీసం వంతు. బాతులు తిండి అరగడానికి చెరువు అడుగున చిన్న రాళ్లు మింగుతాయి. రాళ్లతో పాటు పడిపోయిన సీసపు పెల్లెట్లు కూడా మింగి విషమెక్కి చచ్చిపోయేవి. వాటిని తిన్న గద్దలు కూడా. అందుకని 1991 నుంచి అమెరికా అంతటా బాతులు, పెద్దబాతుల వేటలో సీసం నిషేధం. బదులుగా స్టీలు లాంటివి వాడాలి. కానీ స్టీలు తేలిక. సీసం సాంద్రత 11.3 అయితే స్టీలు 7.8. అదే దెబ్బ కావాలంటే పెల్లెట్ సైజు పెంచాలి, పెంచితే తూటాలో చోటు చాలదు. కొంతమంది మళ్లీ 10 గేజ్ వైపు చూశారు. ఈలోపు 1988లో మూడున్నర అంగుళాల పొడవున్న 12 గేజ్ తూటా వచ్చేసింది. 10 చేసే పని 12 చేసేసింది. మళ్లీ 12యే గెలిచింది.

మిగతా గేజ్‌ల సంగతి

త్వరగా చెప్పేస్తా. 16 గేజ్ ఒకప్పుడు జర్మనీ, ఫ్రాన్స్‌లలో మహా ఇష్టం. 12 కన్నా తేలిక, 20 కన్నా నిండు. కానీ అమెరికాలో మట్టి పళ్లేలు ఎగరేసి కొట్టే స్కీట్ పోటీల్లో 12, 20, 28, 410 విభాగాలు పెట్టారు, 16కి చోటివ్వలేదు. 1950ల్లో 20 గేజ్‌కి మూడు అంగుళాల బలమైన తూటా రావడంతో 16 నలిగిపోయింది.

20 గేజ్ కౌజులకి, గువ్వలకి, కొత్తగా నేర్చుకునేవాళ్లకి బాగా నప్పుతుంది. దెబ్బ తక్కువ, బరువు తక్కువ. ఒక్క ప్రమాదం ఉంది. 20 తూటా పొరపాటున 12 తుపాకిలో వేస్తే అది జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఖాళీగా ఉందనుకుని వెనక ఇంకో 12 తూటా పెట్టి పేలిస్తే గొట్టం పగిలిపోతుంది. చేతివేళ్లు పోయినవాళ్లున్నారు. అందుకే అమెరికాలో 20 తూటాలకి పసుపు రంగే వేస్తారు. చీకట్లో జేబులో చెయ్యి పెట్టినా, బయటికి తీయగానే తెలిసిపోవాలని.

410 చిన్నది కదా అని పిల్లల చేతికి ఇస్తారు. నిజానికి అది చెయ్యి తిరిగినవాళ్ల తుపాకి. 175 పెల్లెట్లతో కొట్టాలంటే దగ్గరికి రానివ్వాలి, గురి కచ్చితంగా ఉండాలి.

మరి మన దగ్గర?

ఇంతదాకా ఇంగ్లండ్, అమెరికా. ఈ తుపాకులే బ్రిటిష్ వాళ్లతో, మహారాజులతో మన దేశానికీ వచ్చాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కేవలాదేవ్ అనే చిత్తడి నేల ఉంది. అది రాజుల బాతుల వేట మైదానం. ఎవరెప్పుడు ఎన్ని కొట్టారో అక్కడ రాతి పలకల మీద చెక్కించారు. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులు. ఆ పలకలు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్తే చూడొచ్చు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ రోజు ఒక్క రోజులో నాలుగు వేల పైన పడ్డాయి. భుజానికి ఆనించి కొట్టే తుపాకులతో, మర్యాదస్తుల వేటలో. అంటే గేజ్ మీద గీత గీసినంత మాత్రాన పక్షి బతకదు. ఎన్ని కొట్టాలి, ఏ నెలలో కొట్టాలి, ఎక్కడ అసలు కొట్టకూడదు అన్నది కూడా తేల్చాలి. కేవలాదేవ్‌లో తర్వాత వేట ఆగింది, నేషనల్ పార్క్ అయ్యింది, 1985లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. దాని కోసం గట్టిగా నిలబడ్డవాళ్లలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఒకరు.

సలీం అలీకి మన ప్రాంతంతో సంబంధం ఉంది. 1931-32లో నిజాం హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసింది ఆయనే. ఆ రోజుల్లో పక్షిని గుర్తించాలంటే కొట్టి, చర్మం ఒలిచి, మ్యూజియంలో పెట్టాలి. ఆయన కూడా తుపాకి పట్టినవాడే, చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టి, అదేం పిచ్చుకో తెలుసుకోవాలనుకోవడంతోనే ఆయన దారి మొదలైంది. అలాంటి మనిషే తర్వాత పక్షుల కోసం జీవితాంతం పోరాడాడు.

ఇంకొక్క పక్షి గురించి చెప్పాలి. మన రాయలసీమ కలివి కోడి. పొదల మధ్య రాత్రిపూట తిరిగే పక్షి. దాన్ని 1900లో చూశాక మళ్లీ ఎవరికీ కనబడలేదు. సరిగ్గా ఒహాయో కుర్రాడు పావురాన్ని కొట్టిన ఏడాదే. ఇది కూడా పోయిందనే అనుకున్నారు. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టుకున్నది తుపాకీతో కాదు. రాత్రి టార్చ్ వెలుతురులో స్థానిక పిట్టల వేటగాడు చేత్తో పట్టుకున్నాడు. అది తగ్గిపోవడానికి కారణం తుపాకి కాదు, అది బతికే పొదల అడవి తరిగిపోవడం. ఆ తర్వాత లంకమల్ల అడవిని దాని కోసం కాపాడారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది.

చివరికి ఏ గేజ్?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పేద్దాం. మామూలు పిట్టల వేటకి చరిత్ర చెప్పే సమాధానం 12. కారణం అది గట్టిగా కొడుతుందని కాదు. తేలికైన తూటా వేస్తే కౌజుకి సరిపోతుంది, బరువైన తూటా వేస్తే పెద్దబాతుకీ సరిపోతుంది. తూటా ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. దగ్గరి పిట్టలకి, తేలికైన తుపాకి కావాలంటే 20. చెయ్యి బాగా తిరిగాక 28. ఇంతే.

అమెరికాలో ఉండే మన తెలుగువాళ్లు, ముఖ్యంగా టెక్సస్‌లో ఉన్నవాళ్లు, సెప్టెంబర్ వస్తే గువ్వల వేట హడావుడి చూసే ఉంటారు. అక్కడ చాలా ప్రాంతాల్లో సీజన్ మొదలయ్యేది సెప్టెంబర్ 1న. మార్తా చనిపోయిన తేదీ కూడా అదే! కావాలని పెట్టింది కాదు, కానీ నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది. మోర్నింగ్ డవ్ అనే ఆ గువ్వ చూడటానికి ప్యాసింజర్ పావురంలాగే ఉంటుంది. ఏటా వేటాడుతూనే ఉన్నారు, అయినా ఇప్పటికీ కోట్లలో ఉంది. ఎందుకు? లైసెన్స్ ఉండాలి, సీజన్‌లోనే కొట్టాలి, తుపాకిలో మూడే తూటాలు, మనిషికి రోజుకి 15 గువ్వలే. పదహారోది ఎదురుగా కూర్చున్నా తుపాకి దించెయ్యాలి. 12 గేజ్ 1900లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారింది ఆ పదహారో పక్షి దగ్గర ఆగడం.

ఇదీ ఫ్రెండ్స్ ఈరోజు ఎపిసోడ్. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఉంటే ఒక పని చేయండి. చిన్నప్పుడు చూసి, ఇప్పుడు కనబడని పిట్ట ఏదని అడగండి. పేరు వాళ్లు ఎలా పిలుస్తారో అలాగే రాసి నాకు పంపండి. వచ్చినవాటితో ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను.